ఫైలు ఆయనది, బతుకు నాది

అమెరికాలో ఇద్దరు తెలుగువాళ్ళు మొదటిసారి కలిశారనుకోండి. మొదటి ప్రశ్న "మీదే ఊరండీ?" రెండోది "ఎక్కడ చేస్తున్నారు?" మూడోది "మీ డేటెంత?" ఈ మూడోదానికి పుట్టినతేదీ చెప్పారంటే మీరు నిన్ననే విమానం దిగారన్నమాట. వాళ్ళు అడిగేది గ్రీన్‌కార్డు క్యూలో మీరెక్కడున్నారో చెప్పే ప్రయారిటీ డేటు. ఇక పరిచయం కాస్త ముదిరాక, పిల్లలు పక్క గదిలో ఆడుకుంటుంటే, గొంతు తగ్గించి అడిగేది నాలుగో ప్రశ్న: "ప్రాసెస్ మధ్యలో కంపెనీ మారొచ్చంటారా?"

దీనికి అందరి దగ్గరా ఒక జవాబు రెడీగా ఉంటుంది. "485 వేసి నూట ఎనభై రోజులు దాటితే మారొచ్చు." ఈ నూట ఎనభై ఎక్కణ్ణించి వచ్చింది, ఎవరిచ్చారు, ఇచ్చాక దాన్ని నిలబెట్టుకోడానికి ఎవరు కోర్టులకెక్కారు అన్నది మాత్రం చాలామందికి తెలీదు. 2021లో ఉద్యోగం మారేదాకా నాకూ తెలీదు. అప్పట్నించీ తీరిక దొరికినప్పుడల్లా ఆ చట్టాలూ, తీర్పులూ చదువుతూ వచ్చాను. నేను లాయర్ని కాను, జావా రాసుకుని బతికేవాణ్ణి. కాబట్టి దీన్ని సలహా అనుకోకుండా చరిత్రగా చదువుకోండి.

ముందుగా మన ఊళ్ళల్లో ఉండి చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు, ఇక్కడివాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డుకి మామూలుగా మూడు మెట్లు. మొదటిది లేబర్ సర్టిఫికేషన్. ఈ పనికి తగిన అమెరికన్ దొరకలేదని కంపెనీ కార్మికశాఖకి చూపించుకోవాలి. రెండోది ఐ-140. ఫలానా మనిషిని పర్మనెంటుగా తీసుకుంటాం, జీతమిచ్చే స్తోమత మాకుంది అని కంపెనీ ఇమిగ్రేషన్ వాళ్ళకి పెట్టే అర్జీ. మూడోది ఐ-485. క్యూలో మన వంతు వచ్చాక మనమే పెట్టుకునే దరఖాస్తు. గమనించారా, మొదటి రెండింట్లోనూ అర్జీదారు కంపెనీయే. మన పేరు "బెనిఫిషియరీ" అన్న గడిలో ఉంటుంది. అంటే లబ్ధిదారు. రేషన్ బియ్యం జాబితాలో మా తాత పేరు పైన ఉండే మాట కూడా అదే.

ఇంకో సంగతి. ఈ అర్జీ ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం కోసం కాదు, కార్డు వచ్చాక ఇవ్వబోయే ఉద్యోగం కోసం. కాబట్టి మధ్యలో కంపెనీ వదిలేస్తే ఆ ఉద్యోగమే లేదు, ఉద్యోగం లేకపోతే అర్జీ లేదు, అర్జీ లేకపోతే మీరెవరో మాకు తెలీదు. 2000 సంవత్సరం దాకా ఇదే లెక్క.

ఈ ఏర్పాటుకి పునాది 1965లో పడింది. అంతకు ముందు మనకి ఇక్కడ తలుపులు దాదాపు మూసే ఉండేవి. 1946లో లూస్-సెల్లర్ చట్టం భారతీయులకి ఏడాదికి 100 మందికి చోటిచ్చింది. అవును, వందే. సున్నాలేవీ ఎగరగొట్టలేదు. 1965 అక్టోబర్ 3న లిండన్ జాన్సన్ స్వేచ్ఛాప్రతిమ పాదాల దగ్గర కూర్చుని సంతకం పెట్టిన చట్టం పాత జాతి కోటాలని ఎత్తేసింది. తూర్పు అర్ధగోళం మొత్తానికి ఏడాదికి 1,70,000 వీసాలు, ఏ ఒక్క దేశానికీ 20,000 మించకుండా. మన డాక్టర్ల తరం వచ్చింది ఈ దారినే. అదే చట్టం లేబర్ సర్టిఫికేషన్ని కూడా తిరగేసింది. 1952 చట్టంలో కార్మికశాఖ అభ్యంతరం చెబితేనే మనిషిని ఆపేవాళ్ళు. 1965 తర్వాత కార్మికశాఖ ముందుగా సరేనంటేనే రానిస్తారు. అమెరికన్ కార్మికుడి కూలి పడిపోకూడదన్నది ఉద్దేశం, అందులో తప్పు పట్టడానికేం లేదు. కానీ దీనివల్ల మాటలన్నీ ప్రభుత్వానికీ యజమానికీ మధ్య జరిగేవిగా తయారయ్యాయి. ఎవరి గురించి మాట్లాడుకుంటున్నారో ఆ మనిషికి ఆ గదిలో కుర్చీ లేదు.

1990 నవంబర్ 29న పెద్ద బుష్ సంతకం పెట్టిన చట్టం ఇప్పటి మన కష్టాలకి అసలు తల్లి. ఉద్యోగాల మీద ఏడాదికి 1,40,000 గ్రీన్‌కార్డులు అంది. అందులో భార్యాపిల్లలు కూడా లెక్కే. ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి పెట్టింది. అదే చట్టం హెచ్-1బి అనే తాత్కాలిక వీసాని ఏడాదికి 65,000 చొప్పున మొదలుపెట్టింది, దానికి మాత్రం దేశాలవారీ పరిమితి పెట్టలేదు. ఒక గదికి లోపలికొచ్చే ద్వారం సింహద్వారమంత, అవతలికి పోయే ద్వారం పిల్లి దూరే కంతంత పెడితే ఏమవుతుందో చెప్పడానికి కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ అక్కర్లేదు. ఎమ్మెస్ చేసిన మనలో చాలామంది ఉండే ఈబీ-2 వాటా మొత్తంలో 28.6 శాతం, అంటే సుమారు 40,000. దాన్లో 7 శాతం 2,800. వేరేవాళ్ళు వాడుకోగా మిగిలినవి ఏమైనా ఉంటే అవి అదనం. వైటూకే రోజుల్లో అమీర్‌పేటలో ఒక్కో బ్యాచ్ కోబాల్ నేర్చుకుని విమానమెక్కుతున్నప్పుడు ఈ లెక్క ఎవరూ వెయ్యలేదు. అప్పుడు క్యూ కన్నా పెద్ద సమస్య ఆఫీసులో పని జరక్కపోవడం. తొంభైల చివరికి ఇమిగ్రేషన్ ఆఫీసులో 485 ఫైళ్ళు ఏళ్ళ తరబడి కదలకుండా పడి ఉండేవి.

అన్నేళ్ళూ ఆ మనిషి పరిస్థితి ఏమిటి? అదే కంపెనీ, అదే టైటిల్, దాదాపు అదే జీతం. కంపెనీ అమ్ముడుపోతే గుండె దడ, మూతపడితే మళ్ళీ మొదటికి. యజమాని మంచివాడైతే అదృష్టం, కాకపోతే నోరు మూసుకుని ఉండటం. మా చిన్నాన్న 1998 నుంచి న్యూజెర్సీలో ఉంటున్నాడు. "అప్పట్లో మేం జీతం పెంచమని అడగడం కూడా మర్చిపోయాంరా" అంటుంటాడు.

2000 అక్టోబర్ 17న బిల్ క్లింటన్ సంతకంతో ఏసీ 21 వచ్చింది. పూర్తి పేరులో "21వ శతాబ్దంలో అమెరికా పోటీతత్వం" అని ఉంటుంది కాబట్టి ఆ ముద్దుపేరు. డాట్‌కామ్ బూమ్ పతాకస్థాయిలో ఉన్న రోజులు, కంపెనీలకి మనుషులు కావాలి. అక్టోబర్ 3న సెనేట్లో 96-1 తేడాతో నెగ్గింది. పేపర్లన్నీ రాసిందల్లా హెచ్-1బి కోటా మూడేళ్ళపాటు 1,95,000కి పెంచడం గురించే. ఆ పెంపు 2003తో అయిపోయింది, 2004లో మళ్ళీ 65,000కి వచ్చిపడింది. కంపెనీలు పోట్లాడి తెచ్చుకున్నది అలా మూడేళ్ళలో ఆవిరైపోతే, వెనక పేజీల్లో ఇరికించిన చిన్న చిన్న సెక్షన్లు మాత్రం ఇన్నేళ్ళుగా మనందర్నీ మోస్తున్నాయి. 104, 106 సెక్షన్ల వల్ల క్యూలో ఉన్నవాళ్ళు ఆరేళ్ళ తర్వాత కూడా హెచ్-1బి పొడిగించుకుంటున్నారు. 105 వల్ల కొత్త కంపెనీ హెచ్-1బి అర్జీ వెయ్యగానే, అప్రూవల్ కోసం చూడకుండా చేరిపోతున్నారు. ఇక 106లో సి భాగం, మన కథానాయకుడు.

దాని శీర్షికే చూడండి: దీర్ఘకాలం ఆలస్యమైన దరఖాస్తుదారులకి ఉద్యోగంలో వెసులుబాటు. కింద ఉన్నది ఒకే ఒక్క వాక్యం. సారాంశం ఇది. 485 వేసి 180 రోజులు దాటినా తేల్చకపోతే, ఆ మనిషి ఉద్యోగమో యజమానో మారినా, కొత్త పని పాతదానిలాంటిదో దానికి దగ్గరగా ఉండేదో అయితే, పాత అర్జీ చెల్లుబాటవుతూనే ఉంటుంది. అంటే ప్రభుత్వం తన ఆలస్యానికి తానే కట్టుకున్న జరిమానా అన్నమాట. ఆర్నెల్లలో మేం తేల్చలేకపోతే నువ్వు కట్టుబడి ఉండక్కర్లేదు అని. నాకు ఈ వాక్యంలో నచ్చేది ఆ న్యాయమే. రైల్లో ఆర్ఏసీ టికెట్ లాంటిది. బెర్త్ ఇంకా ఖాయం కాలేదు, కానీ బండెక్కావు, కూర్చోడానికి చోటుంది, కావాలంటే పక్క బోగీలోకి మారొచ్చు.

ప్రోగ్రామర్ కళ్ళతో చదివితే దాన్లో ఒక బగ్గుంది. అర్జీ చెల్లుతుంది సరే, మనిషి వెళ్ళిపోయాక ఆ అర్జీ ఎవరిది? పాత యజమానిదా, కొత్తాయనదా, మనిషిదా? వాక్యం ఏమీ చెప్పదు. స్పెసిఫికేషన్లో వదిలేసిన ఖాళీ ప్రొడక్షన్లో పేలుతుందని మనకి తెలిసిందేగా. ఇదీ పేలింది, కాకపోతే పదేళ్ళు పట్టింది.

ఈలోగా ఇంకో వింత. ఈ సెక్షన్‌కి నియమావళి రాయడానికి ప్రభుత్వం 16 ఏళ్ళు తీసుకుంది. అంతవరకూ మెమోలతోనే బండి నడిచింది. 2001 జూన్‌లో ఒకటి, 2003 ఆగస్టులో ఒకటి, 2005 మేలో ఒకటి. వీటిల్లో 2003 నాటిది ముఖ్యం. 140 అప్రూవ్ అయ్యి, 485 వేసి 180 రోజులు దాటితే, ఆ తర్వాత పాత యజమాని అర్జీ వెనక్కి తీసుకున్నా పోర్టింగ్ ఆగదని చెప్పింది. కానీ మెమో అంటే ఆఫీసరు గారి మాట, చట్టం కాదు. అందుకే లాయర్లందరూ "మారొచ్చు, కానీ..." అని దీర్ఘాలు తీసేవాళ్ళు. పైగా "అలాంటిదో దగ్గరగా ఉండేదో" అంటే ఏమిటో ఎవరికీ తెలీదు. ప్రోగ్రామర్‌గా లేబర్ వేసినవాడు మేనేజర్ అయితే అది దగ్గరి పనా, వేరే పనా? డాలస్‌లో నాకు తెలిసినాయన ఈ భయంతోనే రెండుసార్లు ప్రమోషన్ వద్దన్నాడు. వాళ్ళ బాసుకి ఎంత చెప్పినా అర్థం కాలేదట, ఈయనకి ఆశయాల్లేవనుకున్నాడట. ఆ గొడవ మీద వివరంగా మెమో వచ్చింది 2016 మార్చిలో. పైకెదిగే సహజమైన మార్పులు కూడా లెక్కలోకి రావచ్చని అప్పుడుగానీ స్పష్టంగా రాయలేదు.

నూట ఎనభై రోజులు లెక్కపెట్టుకోవాలంటే ముందు 485 వెయ్యగలగాలి. వెయ్యాలంటే డేటు రావాలి. 2005 అక్టోబర్లో భారతీయుల డేట్లు ఏళ్ళకేళ్ళు వెనక్కి పోయి కూర్చున్నాయి. వేసుకున్నవాళ్ళు స్వేచ్ఛాజీవులు, వెయ్యనివాళ్ళు కట్టుబానిసలు. ఒకే ఆఫీసులో, ఒకే వరసలో కూర్చునేవాళ్ళే.

అప్పుడొచ్చింది 2007 జూలై. ఆ నెల బులెటిన్లో నైపుణ్యం ఉన్న ఉద్యోగాల విభాగాలన్నీ అన్ని దేశాలకీ "కరెంట్" అని విదేశాంగశాఖ జూన్‌లోనే ప్రకటించింది. అంటే ఎవరైనా 485 వేసుకోవచ్చు. నేనప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడు, హైదరాబాద్ హాస్టల్లో ఉన్నాను. మా చిన్నాన్న స్నేహితుడొకాయన భార్య వేసవికని విజయవాడ వచ్చి ఉంటే, ఉన్నపళంగా బయల్దేరి రమ్మని ఫోన్లు. ఎందుకంటే దరఖాస్తు వెయ్యాలంటే మనిషి అమెరికాలో ఉండాలి. డాక్టర్ల దగ్గర మెడికల్ పరీక్షల కోసం చాంతాడంత లైన్లు, టీకాల కాగితాల కోసం ఇంటికి ఫ్యాక్సులు. పెళ్ళికాని కుర్రాళ్ళది ఇంకో బాధ. ఇప్పుడు వేసి, పెళ్ళికి ముందే కార్డు వచ్చేస్తే, తర్వాత వచ్చే భార్య వేరే క్యూలో ఏళ్ళు ఆగాలి. వెయ్యకపోతే ఇలాంటి అవకాశం మళ్ళీ ఎప్పుడో. ఆ నెలలో కొన్ని పెళ్ళిచూపులు టెలిఫోన్లోనే అయిపోయాయని చిన్నాన్న ఇప్పటికీ చెబుతాడు. ముహూర్తాలకి ఆషాఢం అడ్డు, వీసా బులెటిన్‌కి ఆషాఢం పట్టింపు లేదు.

తీరా జూలై 2న, ఫైళ్ళు పట్టుకుని కొరియర్లు ఆఫీసు దగ్గరికి చేరే రోజున, నంబర్లు అయిపోయాయి, దరఖాస్తులు తీసుకోం అన్నారు. ఆ వారాంతం కూడా పనిచేసి మిగిలిన నంబర్లన్నీ ఖర్చుపెట్టేశారని తర్వాత తెలిసింది. మనవాళ్ళు గోల చేసేవాళ్ళు కాదు, ఆఫీసు-ఇల్లు-గుడి తప్ప ఎరగనివాళ్ళు. అలాంటివాళ్ళు జూలై 10న ఇమిగ్రేషన్ శాఖ డైరెక్టర్ ఎమీలియో గొంజాలెజ్ ఆఫీసుకి వందలకొద్దీ పూలగుత్తులు పంపించారు. అంతకు ముందు ఏడాది వచ్చిన "లగే రహో మున్నాభాయ్" నేర్పిన గాంధీగిరీ. ఆయన ఆ పూలని గాయపడిన సైనికులున్న ఆస్పత్రులకి పంపించాడు. జూలై 14న శాన్‌హోసేలో ఊరేగింపు తీశారు. ఈలోపు కోర్టులో కేసు కూడా పడింది. జూలై 17న ప్రభుత్వం దిగొచ్చి, ఆగస్టు 17 దాకా అందరి దరఖాస్తులూ తీసుకుంటామంది. (మున్నాభాయ్‌కి మన తెలుగు రూపం "శంకర్ దాదా జిందాబాద్" సరిగ్గా పది రోజుల తర్వాత, జూలై 27న విడుదలైంది. చిరంజీవి గాంధీగిరీ చూడకముందే మనవాళ్ళు అమెరికా ప్రభుత్వం మీద ప్రయోగించేశారు.)

ఆ కిటికీలోంచి లక్షల దరఖాస్తులు లోపలికెళ్ళాయి. గ్రీన్‌కార్డు వెంటనే ఎవరికీ రాలేదు, కొందరికి పదేళ్ళు పైనే పట్టింది. కానీ 2008 ఫిబ్రవరికల్లా వాళ్ళందరికీ 180 రోజులు నిండాయి. ఆ ఏడాదే ఆర్థికమాంద్యం వచ్చి ఉద్యోగాలు ఊడుతుంటే, ఫైలు పోకుండా ఇంకో కంపెనీలో చేరగలిగింది ఆ వాక్యం పుణ్యమే. జూలై 17 గురించి మాట్లాడేటప్పుడు అందరూ పూలగుత్తులే గుర్తు చేసుకుంటారు. వాళ్ళు గెల్చుకున్న అసలు వస్తువు కార్డు కాదు, బోగీ మారే హక్కు అని నేననుకుంటాను.

ఇప్పుడా బగ్గు సంగతి. కంపెనీ మారి, పిల్లల్ని స్కూల్లో వేసి, ఇల్లు కొనుక్కుని హాయిగా ఉన్న కొందరికి ఒకరోజు ఉత్తరం వచ్చింది. మీ 485 తిరస్కరించాం, ఎందుకంటే మీ 140 రద్దయింది అని. ఎందుకు రద్దయింది? వీళ్ళు ఎప్పుడో వదిలేసిన పాత కన్సల్టింగ్ కంపెనీ యజమాని ఇంకెవరి వీసా విషయంలోనో మోసం చేసి నేరం ఒప్పుకున్నాడు. దాంతో ఆ కంపెనీ వేసిన పాత అర్జీలన్నీ తిరగదోడారు. "ఎందుకు రద్దు చెయ్యకూడదో చెప్పండి" అని నోటీసు కూడా పంపారు. ఎవరికి? అర్జీదారుకి. అంటే ఆ పాత కంపెనీకి! దానికి జవాబివ్వాల్సిన అవసరమూ లేదు, ఆసక్తీ లేదు. కొత్త కంపెనీకి తెలియదు, మనిషికి తెలియదు. మేం అప్పీలు చేసుకుంటాం అంటే, మీరు లబ్ధిదారులు మాత్రమే, అర్జీదారులు కారు, మీకు ఆ హక్కు లేదు అన్నారు.

ఆ లబ్ధిదారుల్లో ముగ్గురు వేర్వేరు ఊళ్ళలో కోర్టుకెక్కారు. ముగ్గురి ఇంటిపేర్లూ అచ్చ తెలుగు ఇంటిపేర్లు. వాళ్ళు మామూలు ఉద్యోగస్తులు, కాబట్టి పేర్లు రాయను. కింది కోర్టుల్లో ముగ్గురూ ఓడిపోయారు. 2014లో అట్లాంటాలోని 11వ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు, లబ్ధిదారుకి కూడా నష్టం జరుగుతుంది కాబట్టి ప్రశ్నించే అర్హత ఉంది అంది. 2015 డిసెంబర్ 30న న్యూయార్క్‌లోని రెండో సర్క్యూట్ ఇంకాస్త ముందుకెళ్ళింది. ఉద్యోగం మారొచ్చని కాంగ్రెస్ చట్టం చేశాక, సంబంధం తెగిపోయిన పాత యజమానికొక్కడికే నోటీసు పంపడంలో అర్థం లేదు, మనిషికో, కొత్త యజమానికో చెప్పాల్సిందే అంది. 2016లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని తొమ్మిదో సర్క్యూట్, మనిషి మారినప్పుడు పాత అర్జీని కొత్త యజమాని దత్తత తీసుకున్నట్టే, నోటీసు అతనికి వెళ్ళాలి అంది. చివరికి 2017 నవంబర్ 11న ఇమిగ్రేషన్ శాఖ తన సొంత అప్పీళ్ళ ఆఫీసు తీర్పుని దేశమంతటికీ వర్తింపజేసింది. పోర్టింగ్‌కి అర్హుడని శాఖ ఒప్పుకున్నాక, ఆ మనిషి "ప్రభావితమయ్యే పక్షం". నోటీసు అతనికీ రావాలి, అప్పీలు అతనూ చేసుకోవచ్చు.

1965 నుంచి లెక్కేస్తే 52 ఏళ్ళు. మనిషికి ఆ గదిలో ఒక కుర్చీ పడటానికి అంతకాలం పట్టింది. కుర్చీ వేయించినవాళ్ళలో మన వైపు వాళ్ళుండటం నాకు తానా సభల్లో ఏ అవార్డు కన్నా గొప్పగా అనిపిస్తుంది. ఆ సభల్లో వీళ్ళకెవరూ శాలువా కప్పినట్టు నేను మాత్రం చూళ్ళేదు.

కోర్టుల్లో ఇది నడుస్తుండగానే, 2016 నవంబర్ 18న ఎట్టకేలకి నియమావళి వచ్చింది, 2017 జనవరి 17 నుంచి అమలు. 140 అప్రూవ్ అయ్యి 180 రోజులు దాటినా, లేదా 485 వేసి 180 రోజులు దాటినా, యజమాని వెనక్కి తీసుకున్నంత మాత్రాన అర్జీ రద్దు కాదు. 485 ఇంకా వెయ్యనివాళ్ళకి కూడా ప్రయారిటీ డేటు నిలుస్తుంది. ఉద్యోగం పోతే 60 రోజుల గడువు. పోర్టింగ్‌కి సప్లిమెంట్-జె అనే ప్రత్యేక ఫారం. మెమోల్లో ఉన్న దయ కాస్తా రూలయింది.

నా కథ ఇక్కడ కలుస్తుంది. నా ప్రయారిటీ డేటు 2014 డిసెంబర్ రెండో వారం. 2020 అక్టోబర్లో, కోవిడ్‌లో వాడని కుటుంబ వీసాలు ఉద్యోగాల వైపు మళ్ళడంతో, ఈబీ-3లో దరఖాస్తు వేసుకునే తేదీ ఒక్కసారిగా 2015 జనవరి 1కి దూకింది. వేలమందితోపాటు నేనూ ఈబీ-2 నుంచి ఈబీ-3కి దిగి 485 వేశాను. 2021 ఆగస్టులో వేరే కంపెనీలో ఆఫర్ వచ్చింది. మా పాత కన్సల్టింగ్ కంపెనీ యజమాని మనవాడే. నోటీసిచ్చిన రోజు ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, నిన్నింతదాకా తెచ్చింది నేను. ఇప్పుడెళ్ళిపోతే నీ 140 విత్‌డ్రా చేయిస్తా. తర్వాత నా మీద పడి ఏడవకు."

"అది మీ ఇష్టం అన్నా" అన్నాను.

ఆయన అబద్ధం చెప్పలేదు. రెండు నెలలకి ఆన్‌లైన్లో నా 140 స్టేటస్ మారింది, విత్‌డ్రాయల్ అందిందని. మా ఆవిడ ఆ రాత్రి నిద్రపోలేదు. నా 485 మాత్రం చెక్కు చెదరలేదు, సప్లిమెంట్-జె మరుసటి ఏడాది అప్రూవ్ అయింది. ఆయన వాడింది 1999 నాటి బెదిరింపు, అప్పుడైతే నా పని అయిపోయేదే. ఇప్పటికీ ఆ బెదిరింపు పనిచేస్తోందని నాకు తెలుసు, ఎందుకంటే అదే కంపెనీలో నా వెనక ఇద్దరు కుర్రాళ్ళు దానికి భయపడి ఉండిపోయారు. చట్టం మారినంత వేగంగా భయం మారదు.

అన్నట్టు, కొత్త కంపెనీ లాయరు నా 140 కాపీ కావాలన్నాడు. పాతవాళ్ళు ఇవ్వలేదు, అది కంపెనీ డాక్యుమెంటట. 1966 నాటి ఇక్కడి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టుకుని, నా గురించి ఎవరేం రాశారో ప్రభుత్వం దగ్గర తెప్పించుకున్నాను. కొన్ని పేజీలు తెల్లగా వచ్చాయి.

2022 జూలైలో ఈబీ-2 భారత్ తేదీ 2014 డిసెంబర్ 1 దాకా వచ్చి ఆగింది. నాది రెండో వారమని చెప్పాను కదా. అక్టోబర్లో ఏకంగా 2012 ఏప్రిల్‌కి వెనక్కి పోయింది. సెప్టెంబర్ చివరి వారమంతా మా అమ్మ ఏదో మొక్కుకుందని తర్వాత తెలిసింది. నా 485కి ఇప్పుడు ఐదేళ్ళు నిండాయి, బళ్ళో వేసే వయసు.

కుర్చీ పడింది కదా అని కాళ్ళు చాపుకోడానికీ లేదు. 2024 డిసెంబర్ 10న సుప్రీంకోర్టు ఒక పెళ్ళి వీసా కేసులో, అప్రూవ్ చేసిన అర్జీని రద్దు చెయ్యడం శాఖ విచక్షణ, దాని మీద కోర్టులు విచారించడానికి లేదని ఏకగ్రీవంగా తేల్చింది. నోటీసు పంపాల్సిన పద్ధతి గురించిన పాత తీర్పుల్ని అది కొట్టెయ్యలేదు. కానీ నోటీసు పంపి, జవాబు విని, అయినా రద్దు చేస్తే, ఆ నిర్ణయం తప్పని వాదించడానికి కోర్టు తలుపు చాలావరకు మూసుకుపోయినట్టే. పాత యజమాని చేసిన పాపం పదేళ్ళ తర్వాత తగిలే ప్రమాదం అలాగే ఉంది. ఇక 485 మీద వచ్చే పని అనుమతి కార్డు, 2023లో ఐదేళ్ళకి పెంచినది, 2025 డిసెంబర్‌లో మళ్ళీ 18 నెలలకి తగ్గించారు. అంతకు ముందే, అక్టోబర్ 30న, రెన్యువల్ వేస్తే దానంతటదే పొడిగింపయ్యే సౌకర్యం తీసేశారు. కంపెనీ మారే హక్కు కాగితం మీద ఉన్నా, మారిన చోట పనిచెయ్యడానికి కార్డు టైముకి రావాలి కదా. అందుకే హెచ్-1బిని వదలకుండా పట్టుకుని ఉన్నవాళ్ళని చూసి ఇప్పుడెవరూ నవ్వడం లేదు.

రెండు నెలల క్రితం నేను మళ్ళీ కంపెనీ మారాను. ఈసారి పాత మేనేజర్ అమెరికన్, కేకు కోసి పంపించాడు. రెండో సప్లిమెంట్-జె పంపాను, రసీదు నా పేరు మీదే వచ్చింది. ఇంకా తేల్చలేదు.